బియ్యం పేరు

నా పేర్లు రెండూ తెలంగాణ గెజిట్‌లో ఉన్నాయి. పాతదీ కొత్తదీ ఒకే వాక్యంలో, పక్కపక్కనే అచ్చయ్యాయి. ఓపికున్నవాళ్లు వెతుక్కోవచ్చు. ఇక్కడ మాత్రం రెండింటిలో ఏదీ రాయను. పేరు గురించి రాస్తూ పేరు దాచడమేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. ఆ అనిపించడం గురించే ఈ నాలుగు మాటలూ.

నేను పుట్టింది సూర్యాపేట దగ్గర ఒక పల్లెలో. మగపిల్లవాడు పుట్టాడన్నారు. ఇరవై ఒకటో రోజున పళ్ళెంలో బియ్యం పోసి, మా నాన్న ఉంగరంతో ఆ బియ్యంలో పేరు రాశాడట. మన ఇళ్లలో జరిగేదే. ఆ పేరు నాకు ఏ చెడూ చేయలేదు. బడిలో హాజరు పిలిచినప్పుడల్లా 'ప్రజెంట్ సర్' అనడానికి ఒక్క క్షణం ఆలస్యమయ్యేది, అంతే. ఆ క్షణంలో లోపల ఏం జరుగుతోందో చెప్పుకోవడానికి మాటలు దొరికేసరికి డిగ్రీకి వచ్చాను.

2014 ఏప్రిల్ 15న, జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తాము ఆడో, మగో, ఆ రెండూ కాదో చెప్పుకునే హక్కు ఎవరిది వాళ్లకే ఉంటుందని జస్టిస్ రాధాకృష్ణన్, జస్టిస్ సిక్రీల ధర్మాసనం అంది. హాస్టల్ టీవీ గదిలో ఆ వార్త వస్తుంటే కళ్లార్పకుండా చూస్తున్నాను. పక్కనున్న అబ్బాయి విసుక్కుని ఛానల్ మార్చేశాడు. మళ్లీ పెట్టమని అడిగితే ఎందుకని అడుగుతాడేమోనని అడగలేదు.

అయిదేళ్లకు పార్లమెంటు చట్టం చేసింది. 2020 జనవరి 10 నుంచి అది అమల్లోకి వచ్చింది. అప్పట్లో కలెక్టరుకు దరఖాస్తు పెడితే ట్రాన్స్‌జెండర్ అని గుర్తింపు పత్రం ఇచ్చేవారు. ఆ పత్రం ఉంటే జనన ధ్రువీకరణ మొదలుకొని అన్ని కాగితాల్లోనూ పేరు మార్చుకోవచ్చు. ఆడ అనో మగ అనో రాయించుకోవాలంటే మాత్రం శస్త్రచికిత్స కాగితంతో ఇంకో దరఖాస్తు. నువ్వెవరో నువ్వే చెప్పుకోవచ్చని తీర్పు అంటే, చెప్పుకున్నదానికి రుజువు తెమ్మని చట్టం అంది. ఆ తిరకాసు మీద ఎన్నో వాదనలు జరిగాయి. నేను వాటి దాకా వెళ్లలేదు. నాకు కావలసిందల్లా ఒక పేరు.

పేరు ఎప్పుడో అనుకుని ఉంచుకున్నాను. మా నాయనమ్మది. నాయనమ్మ పేరు మనవరాలికి పెట్టుకోవడం మామూలే గదా. మా ఇంట్లో మనవరాళ్లు లేక ఆ పేరు ఎవరికీ అందకుండా ఉండిపోయింది. ఇంటిపేరు అలాగే ఉంచాను. ఎలాగూ చట్టం మార్చుకోనిచ్చేది ఇంటిపేరు వెనక వచ్చే సొంత పేరునే.

గుర్తింపు పత్రం ఒక్కటే చాలాలి. చాలదు. బ్యాంకులో గెజిట్ ఉందా అన్నారు. గెజిట్‌కు వెళ్లాలంటే ముందు అఫిడవిట్, ఆ తర్వాత రెండు పత్రికల్లో ప్రకటన, ఒకటి తెలుగులో, ఒకటి ఇంగ్లీషులో. అలా కోర్టు గోడ పక్కన గొడుగు కింద టైపు కొట్టే పెద్దాయన దగ్గర తేలాను. వంద రూపాయల బాండు పేపరును మిషన్లోకి ఎక్కించి, నా పాత పేరు కొట్టి, వేళ్లు ఆపి నా వైపు చూశాడు.

"సన్నాఫ్ కొట్టాల్నా, డాటరాఫ్ కొట్టాల్నా మేడం?"

"డాటరాఫ్."

"పాత పేరు కాడ డాటరాఫ్ అంటే నోటరీ సారు అడుగుతడు. సన్నాఫ్ అంటే కిందున్న కొత్త పేరుకు కుదరది." కాసేపు గడ్డం గోక్కున్నాడు. అతని ముఖంలో వెటకారం లేదు. కొలత తప్పిన తలుపును చట్రంలో ఎలా ఇరికించాలా అని చూసే వడ్రంగి ఆలోచన ఉంది. "కేరాఫ్ పెడదాం మేడం. ఏ పంచాదీ ఉండది."

అలా, నాతో మాటలు మానేసిన మా నాన్న సంరక్షణలోనే ఇంకా ఉన్నట్టు, ఆయనకు తెలియకుండానే బాండు పేపరు మీద రాసిచ్చాను. తెలుగు పేపర్లో ఆ ప్రకటన పోగొట్టుకున్న పదో తరగతి మెమోకూ, అమ్మకానికున్న ప్లాటుకూ మధ్య వచ్చింది. గెజిట్ అచ్చయ్యేది చంచల్‌గూడ ప్రభుత్వ ముద్రణాలయంలో. చంచల్‌గూడ వెళ్లొచ్చానంటే మా ఆఫీసు కుర్రాడు జైల్లో ఎవరున్నారని అడిగాడు.

ఆ తర్వాత ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం, పీఎఫ్. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లు మార్చుకోవచ్చు, ఆడా మగా అన్నది ఒక్కసారే. ఈ వరసలో నన్ను తినేసింది తిరగడం కన్నా చెప్పడం. ప్రతి బల్ల దగ్గరా పాత పేరు పైకి చదవాలి, ఎందుకు మార్చుకున్నానో చెప్పాలి, అవతలి మనిషి నన్ను పై నుంచి కింది దాకా చూసే దాకా నిలబడాలి. పాత పేరును వదిలించుకోవడానికి వెళ్లి, అంతకుముందెన్నడూ పలకనన్నిసార్లు దాన్ని పలికాను.

కాగితాలన్నీ కుదిరాక కూడా ఫోన్ కుదరలేదు. హార్మోన్లు ఒంట్లో చాలా మారుస్తాయి గానీ, యవ్వనంలో ఒకసారి బరువెక్కిన గొంతును వెనక్కి తీసుకురాలేవు. దానికి సాధన కావాలి, అది అందరికీ పట్టుబడదు. బ్యాంకు వాళ్లు ఫోన్ చేసి, "సర్, అకౌంట్ హోల్డర్ మేడంకు ఇవ్వండి" అంటారు. "నేనే" అంటాను. "సారీ సర్, మేడంతోనే మాట్లాడాలి." పాత రోజుల్లో ఫోన్‌లో గొంతూ పేరూ కలిసేవి, కౌంటర్ దగ్గర ముఖం కలిసేది కాదు. ఇప్పుడు కౌంటర్ దగ్గర ఇబ్బంది లేదు, ఫోన్ దగ్గర వచ్చింది. ఆఫీసులో పక్క సీటు అమ్మాయి ఒకటి రెండుసార్లు నా తరఫున 'మేడం'గా మాట్లాడిపెట్టింది. అది మోసం కిందికి వస్తుందో రాదో తెలియదు; ఇద్దరం నవ్వుకున్నాం.

కానీ 2023 డిసెంబరులో ఒక చిన్న సంగతి జరిగింది. ఆ నెల 9న రాష్ట్రంలో మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకూ, ట్రాన్స్‌జెండర్లకూ ఛార్జీ లేకుండా ప్రయాణం మొదలైంది. నిలబడటానికి చోటు లేని బస్సులో కండక్టరమ్మ చేయి చాపింది. ఆధార్ ఇచ్చాను. కార్డు చూసి, నన్ను చూడకుండానే, "ఎక్కడికి?" అంది. చెప్పాను. జీరో టికెట్ చింపి చేతిలో పెట్టి ముందుకు తోసుకుంటూ వెళ్లిపోయింది. ఎక్కడికని అడిగింది, ఎవరని అడగలేదు. నేను కోరుకున్నది ఇంతేనా అనుకున్నాను. ఇన్నాళ్లూ గౌరవమనీ గుర్తింపనీ పెద్ద పెద్ద మాటలు అనుకుంటూ తిరిగాను. తీరా చూస్తే కావలసింది, రద్దీలో ఎవరూ రెండోసారి చూడని మనిషినవడం. నా కథ చెప్పకుండా బస్సెక్కడం.

అదే పాఠమని కొన్నాళ్లు నమ్మాను. ఇక్కడితో ఆపి ఉంటే బాగానే ఉండేది.

మా గల్లీ చివర ఒక పెద్దమ్మ ఉంటుంది. కరీంనగర్ వైపు నుంచి మీసం రాని వయసులో ఇల్లు వదిలి వచ్చింది. హిజ్రా గురువు ఇంట్లో చేలాగా, అంటే శిష్యురాలిగా, చేరినప్పుడు గురువు పెట్టిన పేరే ఆమె పేరు. గల్లీలో పిల్లాపెద్దా అందరికీ ఆ పేరే తెలుసు. బస్సులో కార్డు అడిగితే, "నా మొఖమే నా ఆధార్" అంటుంది. కండక్టర్లు ఊరుకుంటారు.

ఆమెకు ఒకసారి పాత చట్టం సంగతి చెప్పాను. నిజాం కాలంలో, 1329 ఫసలీలో, అంటే 1919లో, హైదరాబాదులో ఉండే హిజ్రాల పేర్లూ చిరునామాలూ ఒక రిజిస్టర్లో రాసిపెట్టాలని చట్టం చేశారు. చీర కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. నిజాం పోయాడు, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది, చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. చివరికి 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఇదంతా నేను కొంచెం ఆవేశంగానే చెప్పాను. మన పేర్లు ఒకప్పుడు దొంగల చిట్టాలో రాశారు, ఇవాళ మనంతట మనమే గెజిట్‌లో వేయించుకుంటున్నాం అన్నాను. పెద్దమ్మ తమలపాకుకు సున్నం రాస్తూ విని, ఒక్కటే అడిగింది.

"ఏ పేరు రాసుకున్నరో? అవ్వయ్య పెట్టిందా, గురువు పెట్టిందా?"

నా దగ్గర జవాబు లేదు. చట్టం గురించి చదివిన వాటిలో ఎక్కడా ఈ ప్రశ్న కనబడలేదు.

మరుసటి ఏడాది మొదట్లో ఆమె కాలికి పుండు పడింది. షుగరు. మానడం లేదని ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. ఆధార్ చూసి ఓపీ చీటీ రాశారు. చీటీ మీద ఆమె పాత పేరు, పక్కన పురుషుడు, వయసు అరవై అయిదు. బెంచీ మీద కూర్చున్నాం. చాలాసేపటికి లోపలి నుంచి అటెండరు ఆ పేరు పిలిచాడు. పెద్దమ్మ గోడ మీది పోస్టరు చూస్తూ కూర్చుంది. మళ్లీ పిలిచాడు.

"పెద్దమ్మా, నిన్నే."

"నన్ను గాదు."

"చీటీ మీద ఉన్నది అదే గదా."

"అది బియ్యం పేరు బిడ్డా. నాది గాదు."

మూడోసారి పిలిచి, విసుగ్గా తర్వాతి పేరు పిలిచాడు. ఒకాయన లేచి లోపలికి వెళ్లాడు. పోనీ నేను లేచి చెబుదామంటే ఆమె నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ పిలుపుకు లేస్తే బెంచీల మీద వాళ్లందరూ ఆ మగపేరును ఈ చీరతో కలిపి చూస్తారు. అది నాకూ తెలుసు. చివరికి అందరూ అయిపోయాక మేమిద్దరమే మిగిలితే డాక్టరు తనే బయటికి వచ్చాడు. మంచివాడు, చీటీ చూడకుండా కాలు చూశాడు.

వచ్చేటప్పుడు టీ కొట్టు దగ్గర అడిగాను, బియ్యం పేరేమిటని.

ఊళ్లో అన్న రేషన్ కార్డులో ఆమె పేరు ఇంకా ఉందట, ఆ పాత పేరే. మనిషికి ఆరు కిలోల చొప్పున ఆమె వాటా కూడా అన్న ఇంటికే వస్తుంది. అంతకుముందు ఏడాది కార్డులో ఉన్న ప్రతి మనిషీ ఈకేవైసీ చేయించుకోవాలని ప్రభుత్వం అన్నప్పుడు అన్న ఫోన్ చేశాడు. ఆ పేరుతోనే పిలిచాడు, ఆమె పలికింది. ఆ ఒక్క ఫోన్‌కు మాత్రం పలుకుతుంది. మా బస్తీ రేషన్ షాపుకు వెళ్లి, మల్లెపూలు పెట్టుకున్న తల వంచి, యంత్రం మీద వేలు పెట్టి వచ్చింది. డీలరు తెరమీది పేరునూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు గానీ, వేలిముద్రకు చీరతో పనేముంది, యంత్రం ఒప్పుకుంది.

నాకు కోపం వచ్చింది. "ఆయన నిన్ను గడప తొక్కనిస్తడా?"

"నన్ను తొక్కనియ్యడు," అంది పెద్దమ్మ, టీ ఊదుకుంటూ. "నా పేరు ఆడ్నే ఉన్నది గదా."

ఆ మాట విని చాలా రోజులు నాలో నేను తగువు పడ్డాను. మొదట ఆమెను చూసి జాలిపడటానికి ప్రయత్నించాను. తలుపు మూసినవాడు ఆమె పేరు మీద అన్నం తింటున్నాడు, ఆమె దాన్ని అనుబంధమనుకుంటోంది, ఇదీ నా లెక్క. కానీ జాలి నిలవలేదు. ఆమెకు ఏమీ తెలియక కాదు. తలుపు సంగతి నాకన్నా ఆమెకే బాగా తెలుసు. తెలిసే, ఆ పేరును ఎక్కడ బతకనివ్వాలో ఎక్కడ పలకకూడదో గీత గీసుకుంది. అన్న ఫోన్‌కు పలుకుతుంది. ఆసుపత్రిలో, పుండు సలుపుతున్నా, పలకదు. ఏ చట్టమూ, ఏ కలెక్టరూ ఇవ్వని ఆ ఏర్పాటు ఆమె సొంతం.

మా ఇంటి రేషన్ కార్డులోంచి నా పేరు నేనే తీయించుకున్నాను. ఆ రోజు గెలిచినట్టే అనిపించింది. ఇప్పటికీ తప్పనిపించదు. కాకపోతే, కుటుంబం అంటూ ప్రభుత్వం రాసిపెట్టే జాబితా మా వాళ్లకు ఆ కార్డొక్కటే. దాంట్లోంచి బయటికొచ్చాక నేను ఏ ఇంటి మనిషినో చెప్పే కాగితం, టైపు పెద్దాయన ఆలోచించి పెట్టిన ఆ కేరాఫ్ తప్ప, ఇంకేదీ లేదు. పేరంటే నాకూ ప్రభుత్వానికీ మధ్య వ్యవహారమనుకున్నాను మొదట్లో. బస్సు ఎక్కాక నాకూ రద్దీకీ మధ్య వ్యవహారమనిపించింది. పేరు ఒక ఇంట్లో చోటు కూడానని, మనిషి లేకపోయినా ఆ చోటు ఖాళీ కాకుండా పేరు కూర్చుని ఉండగలదని, తన పేరున కాగితం ముక్క లేని మనిషి చెబితే తెలిసింది. మనలో చాలామందికి బయటి గుర్తింపూ, ఇంట్లో చోటూ ఒకే పేరులో దొరుకుతాయి కాబట్టి, వాటి మధ్య ఎంత ఎడముందో చూసే అవసరమే రాదు.

మా అమ్మ ఇప్పుడు ఫోన్ చేస్తుంది. పాత పేరు అనదు, కొత్తదీ అనదు. "బిడ్డా, తిన్నవా?" అంటుంది. నాయనమ్మ పేరు తీసుకున్నానని ఆమెకు తెలుసు. అత్తగారి పేరు పెట్టి పిలవని తరం ఆమెది, కోడలిగా ఆ పేరు ఎన్నడూ నోట పలికి ఉండదు. ఆమె పిలవకపోవడంలో బెరుకెంతో, అలవాటెంతో విడదీసి అడగాలని నాకు లేదు.

అయినా కాగితం అక్కర్లేదని నేను అనను. ఆ రోజు కాలు బాగా లేకపోయినా పెద్దమ్మ మూడు పిలుపులు వదులుకుంది. రేపు అంతకన్నా పెద్ద జబ్బయితే? స్పృహ లేకుండా పడి ఉంటే ఏ వార్డుకు తోస్తారు, ఏ పేరుతో? ఆమె ఆత్మగౌరవాన్ని చూసి తల వంచడం తేలిక; ఆ గౌరవం ఖరీదు ఆమె కాలు కట్టింది. నాకు గెజిట్ వచ్చిందంటే పదో తరగతి మెమో ఉంది, జీతముంది, ఆఫీసుకు సెలవు పెట్టగలిగే వీలుంది. ఆమెకు అవేవీ లేవు. ఆమె ఎంచుకుంది నిజమే, ఎంచుకోవడానికి ఆమె ముందు ఎన్ని పెట్టాం?

అందుకే ఒక సాయంత్రం కూర్చోబెట్టి దరఖాస్తు సంగతి వివరంగా చెప్పాను. అఫిడవిట్ నేను రాయిస్తాను, ఇంటర్నెట్‌లోనే పెట్టొచ్చు, కలెక్టరు ఆఫీసు నుంచి పత్రమూ కార్డూ వస్తాయి అన్నాను. గురువు పెట్టిన పేరే రాయించుకోవచ్చు అన్నాను. ఆమె అడగాల్సింది అడిగింది.

"బియ్యం ఆగుతయా?"

ఆగవలసిన పని లేదన్నాను. ఈ పత్రంతో ఏ కాగితంలో పేరు మార్చినా దాని నంబరు పాతదే ఉండాలని 2020 నియమాల్లో ఉంది. ఆధార్ నంబరు మారదు, వేలిముద్ర మారదు. రేషన్ కార్డులో పేరు మాత్రం కొత్తదానికి సరిచేయించుకోవాలి.

"అంటే డీలరు కాడ మా అన్న నా కొత్త పేరు చదువుకోవాల్నా?"

అవునన్నాను. ఊరందరి ముందూ.

పెద్దమ్మ చాలాసేపు ఆలోచించింది. కొత్త పేరు అన్న ఇంటి కార్డులో అచ్చయితే ఆయన దాన్ని ఉంచుతాడో, ఆ పేరుతో పాటు ఆమెనే కొట్టేయిస్తాడో ఇద్దరికీ తెలియదు. ఆరు కిలోల కోసం ఉంచుతాడని నేను అనబోయి ఆగాను. దరఖాస్తుకు ఫొటో దిగడానికి ఒప్పుకుంది, పూలు పెట్టుకునే దిగుతానంది. దరఖాస్తు పంపడానికి మాత్రం ఒప్పుకోలేదు.

"అన్న పోయినంక చూద్దాం," అంది.

అన్నకు డెబ్బై రెండు. పొలం పనికి ఇంకా తనే వెళ్తాడట. షుగరు ఉన్నది పెద్దమ్మకు.